చెరుకు సోగ కింద తడి

1983 జనవరి. అప్పుడు నేను చిత్తూరుకు పడమరగా, బస్సులో గంట ప్రయాణం దూరాన ఉన్న ఒక పల్లెలో గ్రామసేవకుడిగా పనిచేస్తున్నాను. గ్రామసేవకుడంటే వ్యవసాయ ఆఫీసుకూ రైతుకూ మధ్య తిరిగే సైకిలు అని మా తోటివాళ్లు వేళాకోళం చేసేవారు. విత్తనాలు పంచడం, తెగుళ్లకు మందు చెప్పడం, ఎవరో ఒక రైతును ఒప్పించి డెమో ప్లాట్ పెట్టించడం మా పని. డెమో ప్లాట్ అంటే కొత్త పద్ధతిని రైతు పొలంలోనే ఒక చిన్న కయ్యలో చేసి ఊరికి చూపించడం. పంట బాగా వస్తే పేరు ఆఫీసుకు, రాకపోతే తిట్లు గ్రామసేవకుడికి.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను పుట్టు పిరికివాణ్ణి. ముఖ్యంగా బావులంటే నాకు భయం. మా సీమలో సేద్యపు బావి అంటే ఇంటి వెనక చేదబావి కాదు. ఒక ఇల్లు పట్టేంత వెడల్పున, బండను పగలగొట్టుకుంటూ కిందికి పోయిన గుంత. గట్టు మీద నిలబడి తొంగిచూడాలంటే పక్కనున్న చెట్టునో మనిషినో పట్టుకోవాల్సిందే. ఉద్యోగంలో వందల బావులు చూశాను గానీ ఆ భయం మాత్రం పోలేదు. ఈ సంగతి నాకు ఇంతగా గుర్తుండిపోవడానికి అది కూడా ఒక కారణం.

ఆ ఏడాది కార్తీక మాసపు వానలు మొహం చాటేశాయి. సరిగ్గా అప్పుడే పై ఆఫీసు మాకు ఒక కొత్త ఉల్లి రకం పంపింది. ఉల్లిని మా వైపు ఎర్రగడ్డ అంటారు. ఇది ఘాటు లేని తీపి రకం. తిరుపతిలో యాత్రికులకు భోజనాలు పెట్టే మెస్సుల వాళ్లు పచ్చిముక్కలుగా వడ్డించడానికి దీన్ని ఇష్టంగా కొంటారని చెప్పారు. కాకపోతే దీనికొక గుణం ఉంది. వేళ్లు లోతుకు పోవు, నేల పైపొరలోనే ఉంటాయి. అందుకని ఆ పైపొర ఎప్పుడూ కొద్దిగా చెమ్మగా ఉండాలి. పైరు మధ్యలో దాహంతో అల్లాడిందంటే గడ్డలో ఘాటు పెరిగి తీపి పోతుంది. కరువు సంవత్సరంలో ఇలాంటి పైరు పంపించిన మహానుభావుల తెలివికి దండం పెట్టుకుని, నారు చేతిలో పెట్టుకుని నాటే రైతు కోసం ఎదురుచూస్తున్నాను.

అప్పుడు చెంగమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. భర్త మునిరత్నంతో కలిసి ఊరి చివర గుట్ట దగ్గర సేద్యం చేసే మనిషి.

"సార్, నీళ్లు తక్కువ తాగే పైరు ఏదన్నా ఉంటే చెప్పు" అంది.

"ఎంత తక్కువమ్మా?"

"మా ఆయప్ప బావిలోకి దిగకుండా ఉండేంత తక్కువ."

నాకు అర్థం కాలేదు. "వచ్చి సూడు సార్, నీకే తెలుస్తాది" అని నన్ను పొలానికి తీసుకుపోయింది.

ఆ బావి మునిరత్నానికీ అతని తమ్ముడు దొరస్వామికీ ఉమ్మడిది. ఇలాంటివాటిని వంతు బావులంటారు. మోటారు ఒక్కటే. ఒకరోజు అన్న తోడుకుంటే మరుసటి రోజు తమ్ముడు తోడుకుంటాడు. లోపల, బండ మీద అడ్డంగా ఒక తెల్లరాతి చార ఉంది. నీళ్లు ఆ చారకు రెండు మూరల పైన ఉన్నాయి. చార బయటపడితే బావిని ఇంకా లోతు చేయాల్సిందేనని దొరస్వామి ఊళ్లో చెప్పి పెట్టాడట.

లోతు చేయడమంటే బండకు రంధ్రాలు తొలిచి, మందు కూరి, వత్తి అంటించి పేల్చడం. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఆ బావిలోనే అన్నదమ్ముల నాయన చనిపోయాడు. అయిదు రంధ్రాల్లో ఒకటి పేలకుండా ఆగిపోయింది. దాన్ని మిస్‌ఫైర్ అంటారు. అన్నీ పేలాయనుకుని ఆయన ముందు దిగాడు. వెనకే దిగుతున్న మునిరత్నం నిచ్చెన మధ్యలో ఉండగా అది పేలింది. ముసలాయన అక్కడికక్కడే పోయాడు. మునిరత్నం బతికాడు గానీ ఎడమ చెవి పనిచేయకుండా పోయింది. ఆనాటి నుంచి అన్నదమ్ముల మధ్య మాటలు లేవు.

"మీ ఆయన దిగనంటే సరిపోతుంది కదా" అన్నాను.

"ఎట్లవుతాది సార్? మా ఊళ్లో కట్టు అట్ల ఉండాది. లోతు చేసేటప్పుడు దిగినోడికే కొత్త నీళ్లల్లో వంతు. దిగకపోతే కయ్య బీడు పెట్టుకోవాల్సిందే. ఈయప్ప దిగకుండా ఉండడు."

చెప్తున్నప్పుడు ఆమె బావి వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

ఏం చెప్పాలో ఆలోచించాను. శిక్షణలో మాకు మల్చింగ్ గురించి చెప్పారు. మొక్కల మధ్య నేలను ఏదైనా దానితో కప్పి, ఎండకు తడి ఆరిపోకుండా కాపాడటమే మల్చింగ్. నల్ల ప్లాస్టిక్ షీటు పరుస్తారని బొమ్మల్లో చూపించారు. మా పల్లెలో అలాంటి షీటు ఎవరూ కంటితో చూడలేదు. చూసినా, పంటయ్యాక దాన్ని ఏరి పారేయడం ఇంకో చాకిరీ. అయితే చిత్తూరు వైపు చెరుకు సోగకు కొదవ లేదు. చెరుకు నరికాక మిగిలే ఎండుటాకే సోగ. బెల్లం వండేవాళ్లు చెరుకు గానుగకు తోలుకుని, సోగను తోటలోనే తగలబెడతారు. అదే సోగను ఉల్లి వరసల మధ్య పరిస్తే తడి నిలుస్తుంది. పంట చేతికొచ్చే నాటికి అది మెత్తబడి, తర్వాత తనంతట తానే మట్టిలో కలిసి ఎరువవుతుంది.

ఈ మాట చెంగమ్మకు చెప్పాను. చెప్పిన క్షణం నుంచి నాకు నిద్ర కరువైంది. సలహా తప్పితే పంట పోతుంది, అది మామూలే. ఈసారి సలహా తప్పితే ఒక మనిషి మందు పెట్టిన బావిలోకి దిగుతాడు.

నారు నాటి, మొక్క నిలదొక్కుకున్నాక సోగ పరిచాం. మూరెడు ముక్కలుగా నరికి, వరసల మధ్య నాలుగు వేళ్ల మందాన, మొక్క మెడకు తగలకుండా. చెదలు పట్టకుండా కింద వేపపిండి చల్లించాను. రెండో రోజుకే కూలికి వచ్చిన ఆడవాళ్లు పనికి రామన్నారు. సోగలో ఒకచోట పాము కుబుసం కనిపించింది. ఎండుటాకు కింద ఏముందో కనపడదు, చెయ్యి పెట్టి కలుపు తీయాలి. వాళ్లననడానికి లేదు, నేనైతే గట్టు దిగను కూడా లేదు.

చెంగమ్మ ఒక కర్ర పుచ్చుకుని సోగ మీద తట్టుకుంటూ ఒక్కతే కలుపు తీసింది.

"భయం లేదామ్మా?" అని అడిగాను.

"ఎందుకు లేదు సార్? పాము అలికిడి ఇనపడితే దాని దావన అది పోతాది. బావి యాడికి పోతాది?"

మాఘం దాటేసరికి ఉల్లి చక్కగా ఎదిగింది. పక్క కయ్యల్లో నేల తెల్లబడి నెర్రెలు విచ్చుతుంటే, సోగ కింద మట్టి వేలికి అంటుకుంటోంది. నా సలహా ఫలించిందని సంబరపడాల్సిన సమయం. కానీ బావిలో నీళ్లు ఎప్పటిలాగే దిగిపోతున్నాయి. రెండు మూరలు ఒక మూరయ్యాయి. తర్వాత జానెడు. ఒక సోమవారం నేను వెళ్లేసరికి తెల్లచార బయటపడి ఉంది. మొక్కజొన్న పొత్తు ఒలిచినట్టు తళతళలాడుతోంది.

నీళ్లు తక్కువ తాగే పైరు పెట్టాక కూడా బావి ఎందుకు తగ్గుతోంది? కయ్యలోకి దిగి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మొదటిసారి నా చెయ్యి సోగ కింద పెట్టాను. చెమ్మ కాదు, బురద. కాలువ దగ్గరి మొక్కల మెడలు మెత్తబడి వాసన వస్తున్నాయి. దాన్ని నెక్ రాట్ అంటారు. తడి ఎక్కువై గడ్డ మెడ కుళ్లిపోవడం. అంతలో మోటారు చప్పుడు మొదలైంది. కరెంటు వచ్చింది. మునిరత్నం పరుగున పోయి కాలువకు గండి కొడుతున్నాడు.

కుడి చెవి వైపు నిలబడి గట్టిగా అన్నాను. "ఏమప్పా, కయ్యంతా తడిగానే ఉంటే మళ్లీ ఎందుకు పెడుతున్నావు? పైరు కుళ్లిపోతుంది."

"ఈ పొద్దు నా వంతు సార్."

"వంతు అయితే? అవసరం లేనప్పుడు మోటారు వేయకుండా ఉండొచ్చు కదా."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నేను తోడకపోతే ఆ నీళ్లు బావిలో ఉంటాయి. రేపు వాడి వంతు. వాడు తోడుకుంటాడు. నేను సోగ పరిచేది వాడి మిరపతోట పండేదానికా సార్?"

గట్టు మీద కూలబడ్డాను. సోగ తన పని చేసింది. తడి నిలిపింది. నీళ్లు మిగిల్చింది. కానీ వంతు బావిలో మిగిలిన నీళ్లకు సొంతదారు లేడు. మిగిలిస్తే తమ్ముడి పాలు, తమ్ముడు మిగిలిస్తే అన్న పాలు. అందుకని కరెంటు ఉన్నంతసేపూ ఇద్దరూ తోడి పోస్తున్నారు.

దొరస్వామి దగ్గరికి వెళ్లాను. ముప్పై అయిదేళ్ల మనిషి, ఎప్పుడూ ఎవరి మీదో విసుక్కుంటున్నట్టు ఉంటాడు. మోటారు వాడకం తగ్గించుకుందాం, కొన్నాళ్లు ఆగు అని బతిమాలాను.

"మీరు సోగ పరిపించినారు, సరే. నీళ్లు యాడ మిగిలినాయి సార్? చార సూసినారా?" అన్నాడు. "బండ పేల్చే మేస్త్రీకి చెప్పేసినా. రాళ్లు పైకి లాగే కప్పీ కూడా వస్తాది."

మీ అన్న నీ మీద అనుమానంతో తోడేస్తున్నాడని చెప్తే ఉన్న అగ్గికి ఆజ్యం పోసినట్టవుతుంది. సైకిలెక్కి వచ్చేశాను. చెంగమ్మకు మాత్రం నేను చూసిందీ విన్నదీ చెప్పాను. ఆమె చెంగు బిగించుకుని కాలువ దగ్గర కుళ్లిన మొక్కలు పీకడానికి పోయింది.

ఆ వారమంతా బావిలో సుత్తి మోతలు వినిపించాయి. మేస్త్రీ మనుషులు ఊట నీళ్లు ఎప్పటికప్పుడు తోడేస్తూ బండకు రంధ్రాలు తొలిచారు. గట్టు మీద కప్పీ నిలబెట్టారు. ఊళ్లో ఎక్కడున్నా ఆ ఇనుప మోత నా వీపు మీద పడుతున్నట్టే ఉండేది. మందు కూరే రోజు ఉదయం నేను రానని సైకిలుతో ఒట్టు పెట్టుకున్నాను. తీరా చూస్తే నా కాళ్లు అటే తొక్కాయి.

గట్టు మీద పది మంది ఉన్నారు. మేస్త్రీ మందు పెట్టెను నీడలో పెట్టుకుని కూర్చున్నాడు. మునిరత్నం తువ్వాలు తలకు చుట్టుకుంటున్నాడు. చుట్టి, విప్పి, మళ్లీ చుడుతున్నాడు. దొరస్వామి అవతలి గట్టున నిలబడి నేలకేసి చూస్తున్నాడు.

చెంగమ్మ ఏడవలేదు. నేరుగా వెళ్లి మరిది మణికట్టు పట్టుకుంది. నలుగురి ముందర వదిన మరిది చెయ్యి పట్టి లాగడం మా పల్లెలో ఎవరూ చూసి ఎరగరు. అందరం నోళ్లు తెరుచుకుని ఉండగానే అతన్ని కయ్యలోకి ఈడ్చుకుపోయింది. నేను వెనకాలే పోయాను.

"సోగ కింద చెయ్యి పెట్టు."

"పురుగూ పుట్రా ఉంటాది వదినా."

"ఉంటే ఇన్ని దినాలూ నన్ను కుట్టకుండా ఉంటాదా? పెట్టు."

దొరస్వామి వంగి చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా బురదతో బయటికి తీశాడు.

"సూస్తివి గదా. బావి అడుగున ఎతకతా ఉండారే, ఆ నీళ్లు ఈడుండాయి. నీకు పోతాయని మీ యన్న తోడి పోసినాడు. మీ యన్నకు పోతాయని నువ్వు తోడి పోస్తా ఉండావు. బావేం చేస్తాది? ఇంగా ఎంత మందిని మింగితే మీకు సాలు?"

దొరస్వామి బురద చేతిని చూసుకున్నాడు. ఆ తర్వాత, నడుం విరిగినట్టు గెనిమ గట్టు మీద కూర్చున్నాడు.

"వదినా, ఆ దినం గట్టు మీద నిలబడి లెక్క పెట్టింది నేను. నాలుగే పేలినాయి. నాలుగోది పేలినప్పుడు గుట్ట మార్మోగింది. ఆ మోతను కూడా లెక్కలో ఏసుకున్నా. అయిదూ అయినాయి నాయనా, దిగు అని అరిచింది నేనే." బురద చేతితో కప్పీ వైపు చూపించాడు. "ఈసారి అన్నను దిగనీను. నేనే ముందు దిగతానని మేస్త్రీతో చెప్పి పెట్టినా."

మునిరత్నం అప్పటికి మా వెనకే వచ్చి నిలబడి ఉన్నాడు. తమ్ముడు ఎడమ వైపున ఉండటంతో ఏమీ వినపడలేదు. "ఏమంటాడు?" అన్నాడు.

చెంగమ్మ కుడి చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పింది. విన్నాక ఆయన గుట్ట వైపు చూశాడు.

"ఆ మోత నాకూ ఇనిపించింది" అన్నాడు. "నేనూ అయిదనే అనుకున్నా."

దొరస్వామి తలెత్తాడు. "మరి రెండేండ్లు నాతో యాల మాట్లాడలేదన్నా?"

"నువ్వు మాట్లాడలేదు. నా మింద కోపమనుకున్నా. నాయన ముందర దిగతా ఉంటే ఆపాల్సింది నేను గదా."

ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు. మా వైపు మగవాళ్లు అలాంటివి చేయరు. మునిరత్నం తలకు చుట్టిన తువ్వాలు విప్పి తమ్ముడి చేతికిచ్చాడు, బురద తుడుచుకొమ్మని. మేస్త్రీ కాసేపు చూసి, మందు పెట్టె సైకిలుకు కట్టుకుని వెళ్లిపోయాడు. కప్పీని మాత్రం విప్పలేదు. నీళ్లు ఇంకో మూరెడు దిగితే మళ్లీ పిలవాల్సిందేనని అన్నదమ్ములు అతనికి చెప్పారు. అది నిజం కూడా. కరువు ఎవరి రాజీలనూ చూసి ఆగదు.

దొరస్వామి చెరుకు నరికేసిన తన తోటలో తగలబెట్టడానికి ఉంచిన సోగంతా మిరపతోటలో పరిచాడు. ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరి వంతైనా సరే, ముందు సోగ కింద చెయ్యి పెట్టాలి. మట్టి వేలికి అంటుకుంటే కరెంటు ఉన్నా మోటారు వేయకూడదు. మొదట్లో అన్న వేలు పెట్టిన చోటే తమ్ముడు మళ్లీ పెట్టి చూసేవాడు. అనుమానం ఒక్క రోజులో పోయేది కాదు కదా. కొన్నాళ్లకు ఒకరు చూస్తే చాలు అనే దాకా వచ్చారు.

అయినా ఆ ఫాల్గుణమూ చైత్రమూ నేను భయంతోనే గడిపాను. పొలానికి పోతే పైరు కంటే ముందు కప్పీ వైపు చూసేవాణ్ణి. దానికి తాడు కట్టి ఉందా లేదా అని. నీళ్లు దిగడం నెమ్మదించింది గానీ ఆగలేదు. చార కింద నాలుగు వేళ్లు, తర్వాత జానెడు. తొలిచిన రంధ్రాల్లో పైవరసవి ఎండలో నల్లగా కనిపించేవి. ఉల్లి ఆకులు ఎప్పుడు వాలతాయా అని ఎదురుచూశాం. ఆకులు మెడ దగ్గర వాలితే గడ్డ ఊరిందని, ఇక నీళ్లు అక్కర్లేదని గుర్తు. ఒక ఉదయం సగం కయ్య వాలిపోయి కనిపించింది. చెంగమ్మ ఆ వాలిన ఆకులను నిద్రపోయే బిడ్డ జుట్టులా నిమిరింది. అంతకు ముందు పెట్టిన ఆఖరి తడికి మోటారు బురదనీళ్లే కక్కింది.

కాలువ పక్కన కొంత పంట కుళ్లి పోయింది. మిగిలింది బాగానే వచ్చింది. గడ్డలు పీకిన రోజు చెంగమ్మ కొడవలితో ఒకదాన్ని నాలుగు ముక్కలు కోసి అందరికీ ఇచ్చింది. నేను కళ్లు మూసుకుని కొరికాను. ఘాటుంటే పైరు దాహంతో ఏడ్చినట్టే. నోట్లో చల్లగా, చెరుకు తుద తిన్నట్టు లేత తీపి తగిలింది. ఘాటు జాడ లేదు. ఆ ఎండల్లో ఒక్క రోజు కూడా ఆ మొక్క దప్పికతో ఉండలేదన్నమాట.

దొరస్వామి తన ముక్క నములుతూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"ఎర్రగడ్డలో కారమే లేదు గదరా" అన్నాడు మునిరత్నం. "కండ్లల్లో నీళ్లు యాల?"

రెండేళ్ల తర్వాత అన్న తమ్ముణ్ణి ఆటపట్టించడం అదే మొదలని చెంగమ్మ తర్వాత నాతో చెప్పింది.

ఆషాఢంలో వానలు పడ్డాయి. నీళ్లు చారను కప్పి పైకొచ్చాక మేస్త్రీ మనుషులు వచ్చి కప్పీ విప్పుకుపోయారు. తొలిచిన రంధ్రాలు అలాగే ఖాళీగా నీళ్ల కింద ఉండిపోయాయి. నాకు బదిలీ అయ్యేదాకా వాటిలో మందు పడలేదు.

తర్వాత చాలా ఊళ్లలో సోగ పరిపించాను. శెనక్కాయ పొట్టు పరిపించాను. ఎక్కడికి వెళ్లినా ముందు నేల గురించి, విత్తనం గురించి అడగడం మానేశాను. బావి ఎవరెవరిది, వాళ్లలో మాటలున్నాయా అని అడిగేవాణ్ణి. కొత్తగా చేరిన కుర్ర ఆఫీసర్లు నవ్వేవారు. పరిచిన ఆకు నేల తడిని కాపాడుతుంది. ఆ తడిని నమ్మి మోటారు ఆపాలంటే పక్క గట్టు మీది మనిషిని కూడా నమ్మాలి. ఆ సంగతి నాకు చెంగమ్మ కయ్యలో తెలిసింది. ఇప్పటికీ బావిలోకి భయం లేకుండా తొంగిచూడలేను. సోగ కింద చెయ్యి పెట్టడానికి మాత్రం భయపడను.